‘యోనా’ పాటలో పిల్లి

చర్చి కింది హాల్లో ఆ శనివారం మధ్యాహ్నం ఓర్నాన్ కొత్త ఆల్బమ్‌ను మొదటిసారి మా వాళ్లందరికీ వినిపించారు. ఓర్నాన్ మా ఆయన ట్రెంట్ బ్యాండు. బైబిల్లో దావీదు రాజు బలిపీఠం కట్టుకోవడానికి తన కళ్లాన్ని ఇచ్చిన మనిషి పేరు అది. బ్యాండులో ట్రెంట్ పాడతాడు. పాడతాడని రాస్తున్నాను గానీ విన్నవాళ్లెవరూ దాన్ని పాట అనరు. పొట్టలోంచి తోడినట్టు అరుస్తాడు, గుర్రుమంటాడు, ఉన్నట్టుండి ఎర్రగా కాలిన ఇనుమును నీళ్లలో ముంచినట్టు కీచుమంటాడు. మాటలు మాత్రం అన్నీ బైబిలువే. ఈ రకాన్ని డెత్‌కోర్ అంటారు. మా పాస్టరు గారు మొదట్లో భయపడ్డారు. తర్వాత కోళ్ల ఫ్యాక్టరీలో ట్రెంట్‌తో పనిచేసే కుర్రాళ్లు కొందరు ఈ అరుపుల వెంటబడి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాక ఆయన భయం మానేసి హాలు తాళంచెవి ఇచ్చేశారు.

నేను మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా బాబు సైలస్ నా భుజం మీద ఉన్నాడు. ఆరు నెలల పిల్లాడి చెవులకు ఆ చప్పుడు ఎక్కడ తగులుతుందోనని బొప్పి కట్టినట్టుండే పెద్ద చెవిమూతలు పెట్టాను. అవి సరిగ్గా కూర్చున్నాయో లేదోనని పాటకోసారి వేలితో నొక్కి చూస్తూనే ఉన్నాను. నేను అన్నింటికీ భయపడతానని మా వాళ్లందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనరు.

బల్లల మీద బీన్స్, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగు ఉన్నాయి. స్పీకర్లు మోగుతుంటే పుడ్డింగు గిన్నె తనంతట తనే కదులుతోంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, శబ్దం చాలా బాగుంది. పాత ఆల్బమ్‌ను మూడేళ్ల కిందట మా ట్రెయిలర్ ఇంట్లో రికార్డు చేశారు. అందులో డ్రమ్ములేవో గిటార్లేవో తెలిసేది కాదు, అంతా బురద. ఇప్పుడు ఒక్కో దెబ్బ విడివిడిగా వచ్చి ఛాతీ మీద పడుతోంది. ట్రెంట్ నోట్లో మాటలు కూడా తెలుస్తున్నాయి.

"ఒరే గ్యారెట్," అంది మా అత్తగారు డోనా, పళ్లెంలో రొట్టె తుంచుతూ. "పోయినసారి మీ ఆల్బమ్ వింటే మా వాషింగ్ మెషీన్‌లో ఎవరో గుర్రపు నాడాలు పోసినట్టుండేది. ఈసారి ఎన్ని నాడాలో లెక్కపెట్టొచ్చురా, దేవుడి దయవల్ల."

"ప్రొడక్షన్ అంటే అదే ఆంటీ!" అన్నాడు గ్యారెట్. వాడు గిటార్ వాయిస్తాడు. పాత ఆల్బమ్ రికార్డు చేసింది కూడా వాడే. "నేను చేసినప్పుడు మీరందరూ నన్ను తిట్టారు. ఇప్పుడు టల్సాలో స్టూడియో ఉన్న బాయ్డ్ చేశాడు. ఆయన చెయ్యి పడితే పెంకుటిల్లు కూడా ప్యాలెస్ అవుతుంది."

"నీ చెయ్యి పడితే ప్యాలెస్ పెంకుటిల్లు అయిందిగా, అందుకే తిట్టాం."

అందరూ నవ్వారు. అప్పుడే ‘యోనా’ మొదలైంది. చేప కడుపులోంచి యోనా మొరపెట్టే పాట. పాత ఆల్బమ్‌లోదే, ఇప్పుడు మళ్లీ చేశారు. మధ్యలో పాట కాళ్లు విరిగినట్టు ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. అది పడబోయే ముందు ట్రెంట్ ఊపిరంతా బిగబట్టి పైకి, ఇంకా పైకి అరుస్తాడు. ఆ చోటు రాగానే ఫ్యాక్టరీ కుర్రాళ్లు కుర్చీల్లోంచి లేచిపోయారు.

"ఇది విన్నావా లేనీ?" గ్యారెట్ నా పక్కకొచ్చి, నన్ను పేరు పెట్టి పిలుస్తూ చెవి దగ్గర అరిచాడు. "ఈ పాటకి వాడి గొంతు పాతదే. టల్సాలో ఎన్నిసార్లు అరిచినా ఇంత రాలేదు. బాయ్డ్ అన్నాడూ, పాత గొంతే తెండి, కడిగి పెడతాను అని. కడిగాడు చూడు! మీ పిల్లి కూడా పోయింది."

"పిల్లేంటి?"

"అదే, మీ కోట్ల అలమర వెనక పిల్లి. పాటంతా అదే గోల అంట. పాతదాంట్లో ఆ బురదలో ఎవడికి వినపడి చచ్చింది? బాయ్డ్ ఇదేంటయ్యా అంటే ట్రెంటే చెప్పాడు, పిల్లి అని. ఒక్క మ్యావ్ మిగల్చలేదు మహానుభావుడు."

మాకు పిల్లి లేదు. ఎప్పుడూ లేదు. పిల్లి ఉన్న ఇంట్లో కాసేపు కూర్చుంటే ట్రెంట్ కళ్లు వాచి మూసుకుపోతాయి.

నేను ట్రెంట్ వైపు చూశాను. అతను అవతలి గోడ దగ్గర నిలబడి గ్యారెట్ నోటినే చూస్తున్నాడు. తర్వాత నన్ను చూశాడు. వెంటనే వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది కట్టే ఉంది.

ఆ ట్రెయిలర్‌లో కోట్ల అలమరకు చప్పుడు మారుమోగకుండా బొంతలు వేలాడదీసి ట్రెంట్ అందులో నిలబడి అరిచేవాడు. అలమర గోడకు అవతల రూతీ ఉయ్యాల తొట్టి ఉండేది.

రూతీ మా మొదటి పిల్ల. పదకొండో తరగతి మధ్యలో నేను బడి మానేసింది దానికోసమే. నాలుగు నెలలు నిండి, ఐదోది ఇంకా నిండకముందే ఒక పొద్దున అది లేవలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదని, నిద్రలో అలా జరుగుతుందని ఆసుపత్రిలో చెప్పారు. దాని బొమ్మలు, వీడియోలు నా ఫోను నిండా ఉన్నాయి. అన్నింట్లో నిద్రపోతోంది, లేదా నవ్వుతోంది, లేదా వేళ్లు నోట్లో పెట్టుకుని చూస్తోంది. పిల్ల ఏడుస్తుంటే ఫోను ఎవరు తీస్తారు? ఎత్తుకుంటారు. అందుకని దాని ఏడుపు నా దగ్గర లేదు. మొదట్లో గుర్తుండేది. సైలస్ పుట్టాక వీడి ఏడుపు వచ్చి దానిమీద పరుచుకుంది. ఎంత తవ్వినా కింద అది దొరకడం లేదు. కూతురి గొంతు మర్చిపోయిన తల్లినని ఎవరితో చెప్పుకోను?

*

కారు చర్చి దాటగానే అడిగాను.

"పిల్లేంటి ట్రెంట్?"

"గ్యారెట్ గాడి మాటలు నీకు తెలీదా."

"నువ్వే చెప్పావంట."

చికెన్ లారీ ఒకటి ఎదురొచ్చి వెళ్లిపోయింది. దాని ఈకలు అద్దం మీద రెండు అంటుకున్నాయి.

"అది రూతీయేనా?"

"లేనీ, పిల్లాడు పడుకున్నాడు, ఇంటికెళ్లాక..."

"అవునా కాదా?"

"అవును."

నేను సీటు బెల్టును రెండు చేతులతో పట్టుకున్నాను. మిగిలింది అతను రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు నేను వృద్ధాశ్రమం లాండ్రీలో పనికి వెళ్లాను. గ్యారెట్ ఎక్కడో అడిగి తెచ్చిన మైకు ఆ సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. గ్యారెట్ తీగలన్నీ పెట్టి మైకు డబ్బా కోసం ఊళ్లోకి వెళ్లాడు. రూతీ నిద్రపోతోంది కదా అని ట్రెంట్ అలమరలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పాట సగంలో ఉండగా అది లేచింది.

"వినపడింది నాకు. ఇంకొక్కసారి, ఈ ఒక్కటీ అయిపోతే ఎత్తుకుందాం అనుకున్నా. గొంతు అప్పుడే దొరికింది లేనీ. నాకెప్పుడూ అంత దొరకలేదు. అది ఏడుస్తూనే ఉంది, నేను అరుస్తూనే ఉన్నా. బయటికొచ్చేసరికి నిద్రపోయింది. వెక్కుతూనే నిద్రపోయింది."

"ఎప్పుడిది?"

"పోవడానికి ముందు వారం."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? మన పిల్ల ఏడుస్తుంటే యోనా గురించి అరుస్తూ కూర్చున్నానని చెప్పేదా?"

"నాకది వినాలి."

"వింటే నన్ను క్షమించలేవు నువ్వు."

"నిన్ను క్షమించడం గురించి ఎవడు మాట్లాడుతున్నాడిక్కడ?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నాకది వినాలి. ఎక్కడుంది?"

"బాయ్డ్ దగ్గర పచ్చి గొంతు ఉండేది. పాటలో కలపకముందు మైకులో పడింది పడ్డట్టు ఉండేది. చెరిపెయ్యమని చెప్పాను."

"చెరిపాడా?"

"తెలీదు. నిన్న చెప్పా. సరేనన్నాడు."

ఇంటికి రాగానే గ్యారెట్‌కు ఫోను చేశాను. వాడి పాత కంప్యూటర్ ఇప్పుడు లేదంట, ఉన్నవన్నీ బాయ్డ్‌కు పంపి ఖాళీ చేసి ఎవరికో ఇచ్చేశాడు. "ఏమైంది లేనీ, పిల్లి మీద అంత ప్రేమేంటి?" అన్నాడు. నేను మళ్లీ అదే అడిగేసరికి వాడి నవ్వు ఆగిపోయింది. బాయ్డ్ పనిలో ఉంటే ఫోను తియ్యడని, ఆదివారం మధ్యాహ్నం కాకముందే ఇంకో బ్యాండు పనికి టెక్సస్ బయల్దేరుతున్నాడని, పని అప్పజెప్పాక డిస్కులన్నీ తుడిచేసి వెళ్లడం ఆయన అలవాటని చెప్పాడు. నేను బాయ్డ్‌కు ఫోను చేస్తూనే ఉన్నాను. మోగి మోగి ఆగిపోయేది.

తర్వాత పాత ఆల్బమ్‌లోని ‘యోనా’ పెట్టుకుని ఫోనును చెవికి నొక్కుకుని విన్నాను. గిన్నెలు కడుగుతూ, బట్టలు మడతపెడుతూ ఈ పాటను ఎన్నో వందల సార్లు విన్నాను. రూతీ పోయాక కూడా విన్నాను. అందులో అది ఏడుస్తోందట. చెవి నొప్పెట్టేదాకా విన్నాను. బురద తప్ప ఏమీ లేదు.

*

టల్సా వెళ్దామని ఆదివారం పొద్దున్నే సైలస్‌ను కారులో వేసుకున్నాను. ట్రెంట్ వాకిట్లోకి వచ్చాడు. ఆ రోజు ఆరాధనలో ఆల్బమ్ గురించి అతను సాక్ష్యం చెప్పాలి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మెడ మీది పచ్చబొట్టు కాలరు పైకి కనిపిస్తోంది.

"లేకపోతే ఏం చేస్తావు?" అన్నాడు.

"తెలీదు."

"లేనీ, లేదనే అనుకుని వెళ్లు."

"నువ్వు మీ అమ్మ కారులో చర్చికి పో," అన్నాను. రోడ్డెక్కాక గానీ తెలియలేదు, సైలస్ పాలసీసాల సంచి వంటింటి బల్ల మీదే వదిలేశానని. నా పాలు ఉన్నాయి కదా అనుకున్నాను.

టోల్ రోడ్డు మీద ఆదివారం పొద్దున లారీలే ఉంటాయి. మియామీ అనే చిన్న ఊరు దాటాను. వినీటా దగ్గర రోడ్డు మీదుగా వంతెనలా కట్టిన హోటలు కింద నుంచి వెళ్తుండగా సైలస్ లేచాడు. మొదట మూలిగాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆగాల్సిన చోటు అదే, అది దాటిపోయింది. గడియారం చూశాను. ఆగి, పాలిచ్చి, గుడ్డ మార్చి బయల్దేరితే బాయ్డ్ ఉండడు.

"వచ్చేశాం నాన్నా. ఇంకొక్క ఊరు. ఒక్క ఊరు దాటితే ఎత్తుకుంటా."

వాడు ఊరుకోలేదు. సీటు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి వాడి మొహం కనపడదు. బిగిసిన పిడికిలి ఒకటే పైకి లేచి పడుతోంది. నేను కారు ఇంకా వేగం పెంచాను. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూనే ఉన్నాను. ఆ మాటలు నిన్న ఇదే కారులో, ఈ డ్రైవరు సీట్లోంచే ట్రెంట్ నోట విన్నానని ఏదో ఒక మలుపులో తట్టింది. అయినా ఆపలేదు. అది తెలిసి కూడా ఆపలేదు.

వాడి ఏడుపు వెక్కిళ్లయింది. వెక్కిళ్లు దూరం దూరమయ్యాయి. తర్వాత ఏమీ లేదు.

కారు పక్కకు ఎలా లాగానో నాకు తెలియదు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయకుండా వెళ్లాడు. ఆ గాలికి తలుపు నా చేతిలోంచి ఊడిపోబోయింది. వెనక తలుపు తీసి, బెల్టు ఊడదీయడం చేతకాక, వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టాను. చొక్కా మీంచి వాడి ఊపిరి తెలియడం లేదు. చెంప ముక్కు దగ్గర పెట్టాను. వేడిగా తగిలింది. నిద్రపోయాడు. రెప్పలు తడిగా అంటుకుని ఉన్నాయి. నిద్రలోనే ఒకసారి వెక్కాడు.

లారీలు పోతూనే ఉన్నాయి. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, తల వాడి కాళ్ల మీద పెట్టి, ప్రభువా అని తప్ప ఇంకో మాట రాక, ఎంతసేపు ఉండిపోయానో. బయల్దేరేటప్పుడు ఇంక బాయ్డ్ ఉండడనే అనుకున్నాను.

*

ఉన్నాడు. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డు అది. తెల్లగడ్డం, పెద్ద పొట్ట ఉన్న మనిషి డ్రమ్ములను వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. నేను పిల్లాడిని ఎత్తుకుని దిగగానే పని ఆపి నన్ను, పిల్లాడిని చూశాడు.

"ఎవరమ్మా మీరు?"

"ట్రెంట్ భార్యని. ఓర్నాన్ ట్రెంట్. ఫోన్ చేశాను, చాలాసార్లు."

ఆయన చేతిలోని డ్రమ్ము కింద పెట్టాడు. "పిల్లి గురించా?"

"అది పిల్లి కాదు."

"తెలుసు," అన్నాడు ఆయన. "నాకు ముగ్గురు పిల్లలు. ఆయన పిల్లి అన్నాడు, నేను పిల్లి అన్నాను. మనిషి మొహం చూసి ఇంక అడగలేదు. లోపలికి రా, ఎండలో నిలబడకు."

లోపల చీకటిగా, చల్లగా ఉంది. గోడలకు స్పాంజి. నేను కూర్చోకుండానే అడిగాను.

"చెరిపేశారా?"

"చెరిపేశానమ్మా."

"మొత్తమా?"

"గొంతు ఎవరిదైతే వాళ్ల మాటే. మా పనిలో అదొక్కటే నియమం. వీళ్లు ఎంత అరిచినా, పచ్చి గొంతు ఇంకొకడి చెవిన పడితే బట్టల్లేకుండా దొరికినట్టు సిగ్గుపడతారు. చెరిపెయ్యమంటే ఆ నిమిషమే చెరిపేస్తాను. మీ ఆయన శుక్రవారం ఫోన్ చేశాడు."

"వెతకండి."

"అమ్మా..."

"ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇంకో డిస్కులో, చెత్తబుట్టలో. నేనొక చోట చదివాను, చెరిపినా పోదంట కదా, తెచ్చేవాళ్లుంటారంట కదా!"

"నేను చెరిపితే దానిమీద ఇంకోటి రాసి మరీ చెరుపుతాను. నాకు చేతైన పని అది. క్షమించమ్మా."

నేను కేకలు పెట్టాను. ఏమన్నానో గుర్తు లేదు. ఆయన బల్ల మీద కాఫీ కప్పు దొర్లి కింద పడింది. సైలస్ ఉలిక్కిపడ్డాడు గానీ ఏడవలేదు, నా మొహం వైపే చూశాడు. బాయ్డ్ కప్పు తీసి పక్కన పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని, కుర్చీ ఒకటి కాలితో నా వైపు తోశాడు.

"ఒక్కచోట ఉంది," అన్నాడు. "నీకది చాలదు. ఐనా కూర్చో."

తెర మీద రంగు రంగుల గీతలు. ఆయన ఒకదాన్ని వేలితో చూపించాడు. "ఇదీ ఆల్బమ్‌లో వేసిన గొంతు, కడిగింది. పాటంతా ఆ ఏడుపు విడిగా తెలుస్తుంది, అందుకని విడదీసి పారేశాను. ఇక్కడ మాత్రం, పాట పడబోయే ముందు, మీ ఆయన పైకి వెళ్తున్నాడు. వెనకాల పాప కూడా పైకి వెళ్తోంది. రెండూ ఒకే చోటికి చేరాయి. తీసి చూశాను. తీస్తే ఆయన గొంతూ పలచబడి కాగితంలా అయిపోయింది. అందుకే ముట్టుకోకుండా వదిలేశాను. జనం లేచి గంతులేసే చోటు అదే."

నిన్న హాల్లో ఫ్యాక్టరీ కుర్రాళ్లు కుర్చీల్లోంచి లేచిన చోటు. నేనూ అక్కడే ఉన్నాను. సైలస్ చెవిమూతలు నొక్కి చూస్తున్నాను.

"వెయ్యండి."

డ్రమ్ములు లేవు, గిటార్లు లేవు. ముందు ట్రెంట్ ఊపిరి తీసుకున్నాడు. బొంతల మధ్య ఉక్కలో నిలబడ్డ మనిషి ఊపిరి. తర్వాత కేక. గరుకుగా మొదలై పైకి, ఇంకా పైకి వెళ్లి, ఒకచోట దానిమీద సన్నటి దారం లాంటిది లేచింది. ఒక్క ఊపిరి అంతే. చివర, గాలి లోపలికి లాక్కునే ముందు, చిన్న విరుపు.

అదే. ఆ విరుపు. రూతీ ఎప్పుడూ అక్కడ విరిచేది.

నాకు గుర్తొచ్చే లోపే నా ఒంటికి గుర్తొచ్చింది. ఛాతీలో సూదులు గుచ్చినట్టై చొక్కా రెండు వైపులా తడిసిపోయింది. సైలస్ ఏడవడం లేదు, ఒళ్లో ఊరికే ఉన్నాడు. ఆ పాలు వీడికోసం రాలేదు.

"ఇంకోసారి."

ఆయన వేశాడు. ఇంకోసారి అన్నాను. వేశాడు.

"ట్రెంట్ గొంతు తీసేసి వెయ్యండి."

"రాదమ్మా. ఇద్దరూ ఒకటే ముద్ద."

"కొంచెం తగ్గించి..."

"తగ్గిస్తే పాపా తగ్గుతుంది."

సైలస్ పాల వాసనకు రొమ్ము వెతుక్కుంటున్నాడు. బాయ్డ్ కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు. నేను పిల్లాడికి పాలిస్తూ ఆయన వీపుతో మాట్లాడాను.

"ఇది ఇలాగే బయటికొస్తుందా?"

"వచ్చే శుక్రవారం. అందుకే నిన్ను కూర్చోబెట్టాను. తీసెయ్యమంటే ఇప్పుడే తీసి మళ్లీ పంపిస్తాను, టెక్సస్‌వాళ్లు కాసేపు ఆగుతారు. కానీ మీ ఆయన చెప్పాలి. గొంతు ఆయనది."

"అందులో సగం నా కూతురిది."

"అవును," అన్నాడు ఆయన. "అందుకని నువ్వూ చెప్పాలి."

అప్పుడే ఫోను మోగింది. ట్రెంట్. వెనకాల చర్చిలో పాడుతున్నారు, ఆర్గన్ వినపడుతోంది. పార్కింగ్‌లో నిలబడి ఉంటాడు.

"ఉందా?" అన్నాడు.

లేదు అంటే అయిపోయేది. అతను ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్లి సాక్ష్యం చెప్పుకునేవాడు. ఆ ఒక్క ముక్కను ఫోనులో వేసుకుని నాకు నేను దాచుకునేదాన్ని. అతను ఏ ఊళ్లోనో స్టేజి మీద ఏమీ తెలియకుండా అరుస్తుంటే వెనక నిలబడి నేను మాత్రం వినేదాన్ని. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉంది," అన్నాను. "కొంచెం."

"ఎంత?"

"ఒక ఊపిరంత."

"ఎక్కడ?"

"నీ కేకలో."

ఏ కేకో అతనికి చెప్పాల్సిన పని లేదు.

"స్టేజి మీద అక్కడ ఆల్బమ్ గొంతు కూడా వెనకాల వేస్తాం లేనీ," అన్నాడు. "దానిమీదే నేను అరవాలి."

"తెలుసు."

"ప్రతి ఊళ్లో. మళ్లీ మళ్లీ."

"తెలుసు ట్రెంట్."

"నావల్ల కాదు. తీసెయ్యమని చెప్పాయనకి."

"నేను చెప్పను. నువ్వే చెప్పు. విని చెప్పు."

"వద్దు లేనీ. లేనీ, వద్దు..."

నేను ఫోను స్పీకరు ముందు పెట్టి బాయ్డ్ వైపు చూశాను. ఆయన వేశాడు. ఊపిరి, కేక, దానిమీద దారం, విరుపు. అయిపోయాక ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆర్గన్ ఆగిపోయింది. ఎవరో ప్రకటనలు చదువుతున్నారు. ట్రెంట్ ముక్కుతో ఊపిరి పీలుస్తున్నాడు.

"ఎత్తుకోవాల్సింది," అన్నాడు.

ఇన్నేళ్లలో అతను ఇలాంటిదేదైనా అంటే నేను, అత్తగారు, పాస్టరు గారు అందరం ఒకే మాట అనేవాళ్లం, కాదు నాన్నా నీ తప్పు కాదు అని. టోల్ రోడ్డు పక్కన గడ్డిలో నా మోకాళ్లకు అంటిన మట్టి ఇంకా అలాగే ఉంది.

"అవును," అన్నాను. "ఎత్తుకోవాల్సింది."

అతను ఏడ్చాడు. అరిచేవాడికి ఏడుపు రాదని నేననుకునేదాన్ని. అది చాలా చిన్నగా, సన్నగా వచ్చింది. అత్తగారు అటు నుంచి పిలుస్తోంది. "ఒరే ట్రెంట్, నీ వంతొచ్చింది, ఎక్కడ చచ్చావురా, పాస్టరు గారు రెండుసార్లు పిలిచారు!"

"ఉంచమను," అన్నాడు ట్రెంట్.

"నిజంగానా?"

"తీసేస్తే అది ఇంకెక్కడా ఉండదు కదా. ఉంచమను. నాకేమవుతుందో చూద్దాం."

"లోపలికెళ్లి ఏం చెప్తావు?"

"తెలీదు. ప్రొడక్షన్ బాగా కుదిరిందని చెప్తా," అన్నాడు. అది నవ్వో ఇంకేదో తెలిసే లోపే ఫోను పెట్టేశాడు.

బాయ్డ్ ఆ ముక్కను నా ఫోనులోకి పంపించాడు. పంపేటప్పుడు దానికి పేరేం పెట్టమంటావని అడిగాడు. చెప్పాను. ఆయన తెర మీద తప్పు రాస్తే దిద్దించాను. షెడ్డు తాళం వేసి, సైలస్‌ను సీట్లో కూర్చోబెట్టేదాకా నా పక్కనే నిలబడి, తర్వాత వ్యాను తీసుకుని టెక్సస్ వెళ్లిపోయాడు.

నేను టైర్ల కొట్టు నీడలో కారు ఆపుకుని అక్కడే ఉండిపోయాను. ఇల్లు చాలా దూరం. ఇంట్లో ట్రెంట్ ఉంటాడు. ఏ మొహంతో ఉంటాడో, నేను ఏ మొహంతో వెళ్లాలో తెలియడం లేదు. ఫోనులో రూతీ అన్న పేరు మీద వేలు పెట్టాను. ముందు ట్రెంటే అరిచాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ అతనే. దాని దగ్గరికి వెళ్లడానికి ఇంకో దారి లేదు. సైలస్ వెనక కదులుతున్నాడు, కాసేపట్లో ఏడుస్తాడు. ఈసారి మొదటి మూలుగుకే దిగి ఎత్తుకోవాలని ఒక చెయ్యి తలుపు మీదే పెట్టుకుని, ఇంకోసారి విన్నాను.